రాసిపెట్టండి, రాసివ్వకండి

పుష్య పౌర్ణమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుడి తేరు కదిలేనాటికి ఊరు విడిచిన పిల్లలంతా ఇల్లు చేరతారు. బెంగళూరు నుంచి ఒకడు, హైదరాబాదు నుంచి ఒకడు, బళ్లారి నుంచి కూతురూ అల్లుడూ. రాత్రికి ఇల్లంతా చాపలే. పొద్దున ఉగ్గాని బజ్జీ తిని అరుగు మీద కూర్చుంటే అన్ని మాటలూ వస్తాయి. ఆదోని యార్డులో పత్తి ధర, ఎల్లెల్సీ కాలువలో నీళ్లు, ఎవరింట్లో పెళ్లి, ఎవరి పిల్లవాడికి ఎన్ని మార్కులు. రాని మాట ఒకటే. నాయన తర్వాత ఏంది?

దాన్ని ఎవరూ ఎత్తరు. కొడుకు ఎత్తితే ఆస్తికి తొందరపడుతున్నాడంటారు. కూతురు ఎత్తితే అల్లుడు నూరిపోశాడంటారు. కోడలైతే నోరే విప్పదు. పోనీ నాయనే ఎత్తాడనుకోండి, "పండగపూట ఆ మాటలెందుకు" అని అమ్మ లేచి లోపలికి పోతుంది. తేరు గుడి చేరుతుంది, బస్సులు కదులుతాయి, ఇంకో ఏడాది గడిచిపోతుంది.

ఆ మాట ఎత్తాలనుకునేవాళ్ల కోసమే ఈ అధ్యాయం. ఇందులో నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతి. రాసిపెట్టడం వేరు, రాసివ్వడం వేరు. రాసిపెట్టేది వీలునామా. మనిషి పోయాకే దానికి ప్రాణం వస్తుంది. అంతదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కోపమొస్తే చింపి పొయ్యిలో వేయవచ్చు. రాసిచ్చేది దానపత్రం, మనవాళ్ల నోట్లో సెటిల్‌మెంటు. సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్ర పడ్డ రోజే ఆస్తి చేయి మారుతుంది. "పిల్లల పేర రాసేసినా" అని పెద్దవాళ్లు చెప్పే మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. ఏది రాశారో వాళ్లకే తెలియని ఇళ్లు నేను చాలా చూశాను.

ట్రంకుపెట్టె

మా నాయన పోయిన పదకొండో రోజున ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. పైన పంచె, దాని కింద ప్లాస్టిక్ కవరులో కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకా పెదనాయన పేరే ఉంది, ఆయన పోయి ఎన్నో ఏళ్లు. రెండు బ్యాంకు పుస్తకాల్లో ఒకదానికి నామినీ మా జేజి, ఆమె నాయన కంటే ముందే పోయింది. రెండోదానికి నామినీయే లేదు. నేత సంఘం సభ్యత్వపు పుస్తకం, బంగారం కుదువ పెట్టిన రసీదు, కట్టడం ఆపేసిన ఎల్లైసీ బాండు. అన్నిటికంటే అడుగున మడతల్లో చిరిగిన పసుపు దస్తావేజు ఒకటి. దాని మీద "బళ్లారి జిల్లా, ఆదవాని తాలూకా" అని ఉంది.

మా తమ్ముడు అది వేరే ఎవరిదో అనుకుని పక్కన పెట్టబోయాడు. మా ఇంటి స్థలానికి మూలపత్రం అదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలో ఊరు. తాతల కాలపు కాగితాల మీద బళ్లారి పేరుంటే తికమకపడి పారేయకండి.

మా ఇంట్లో తగాదా లేదు. అన్నదమ్ములం ఒక మాట మీదే ఉన్నాం, అక్క ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది. అయినా అవన్నీ మా పేర్లకు వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. తగాదా ఉన్న ఇళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి మొదటి పని వాటాలు వేయడం కాదు, ఏమేం ఉన్నాయో తెలుసుకోవడం. "ఎవరికెంత" అని అడిగితే నాయన బిగుసుకుపోతాడు. "ఏవి ఎక్కడున్నాయి" అని అడిగితే చెప్తాడు. అది కూడా మీ సంగతితో మొదలుపెట్టండి. "నాయనా, నా పీఎఫ్‌కు నామినీగా మీ కోడలి పేరు రాసినా. నీ బ్యాంకు పుస్తకంలో ఎవరి పేరుంది?" అంటే మాట దానంతటదే కదులుతుంది. "నేనింకా గట్టిగా ఉండా గదరా, అప్పుడే కాగితాలేంది?" అని కసురుకుంటే, గట్టిగా ఉన్నప్పుడే చేయాల్సిన పని ఇదని చెప్పండి. చేయి వణికాక పెట్టిన సంతకాన్ని కోర్టు పదిసార్లు తిప్పి చూస్తుంది.

ఒక నోటుబుక్కు చాలు. పొలం సర్వే నంబర్లు రాసి, మీభూమిలో 1బి, అడంగల్ తీసి ఎవరి పేరుందో చూడండి. ఇంటికి ఈసీ (దాని మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. డీకేటీ పట్టా అయితే వేరే గుర్తు పెట్టండి. ప్రభుత్వం పేదలకిచ్చిన ఆ భూమి వారసులకు వస్తుంది గానీ, 1977 చట్టం దాన్ని అమ్మడానికి అడ్డుపడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు 2023లో సడలింపు ఇచ్చారు. అయినా మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా ఎవరి దగ్గరా బయానా తీసుకోవద్దు. ఆ తర్వాత అప్పులు. కమీషన్ ఏజెంటు దగ్గర బాకీ, సొసైటీ బాకీ, చేబదులు, అన్నీ. తండ్రి అప్పు కొడుకు తీర్చాల్సిందేనని ఊళ్లో పంచాయితీ పెద్దలు గట్టిగా చెప్తారు. తండ్రి వదిలిన ఆస్తి ఎంతో అంతవరకే అప్పులవాళ్లు అడగగలరు. కొడుకు సొంత సంపాదన మీదికి రాలేరు. కేవలం కొడుకైనందుకే తండ్రి అప్పు తీర్చాలన్న పాత హిందూ ధర్మశాస్త్ర నియమాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణే తీసేసింది.

తెల్లకాగితం చాలు

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద, మనకొచ్చిన తెలుగులో, ఏ ఆస్తి ఎవరికో అర్థమయ్యేలా రాస్తే చాలు. రాసినాయన ఇద్దరు సాక్షుల ముందు సంతకమో వేలిముద్రో వేయాలి, ఆ ఇద్దరూ ఆయన ముందే సంతకం చేయాలి. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది ఇంతే. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మన జిల్లాలో ప్రొబేటు, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, కూడా తప్పనిసరి కాదు.

అయినా రిజిస్టరు చేయించమనే నేనంటాను. ఖర్చు తక్కువ, కాగితం పోయినా నకలు దొరుకుతుంది. ఆదోనిలో ఆస్తి ఉన్నా ఎమ్మిగనూరులో రిజిస్టరు చేయించవచ్చు. వీలునామాను ఏ సబ్‌రిజిస్ట్రారు దగ్గరైనా చేయించుకోవచ్చని చట్టమే చెప్తుంది. మంచం దిగలేని మనిషైతే, కారణం చూపించి అర్జీ పెడితే రిజిస్ట్రారు ఇంటికే వస్తారు.

రిజిస్టరయిన వీలునామా కూడా కోర్టులో పడిపోవచ్చు. వేంకటాచల అయ్యంగార్ కేసులో 1959లో సుప్రీంకోర్టు చెప్పిన మాటనే కోర్టులు ఇప్పటికీ పట్టుకుంటున్నాయి. వీలునామా చుట్టూ అనుమానాలుంటే వాటిని తీర్చాల్సిన బరువు దాన్ని పట్టుకొచ్చినవాడి మీదే ఉంటుంది. అనుమానం ఎక్కడ పుడుతుంది? ఎక్కువ వాటా దక్కిన కొడుకే నాయనను ఆటోలో తెచ్చి, లేఖరికి తానే చెప్పి రాయించి, తన బామ్మర్దిని సాక్షిగా నిలబెట్టినప్పుడు. అందుకే వాటా దక్కేవాళ్లు ఆ గదిలో లేకుండా చూడండి. సాక్షులు రాసేవారి కంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది, ఎందుకంటే రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే. తెలిసిన డాక్టరు ఒక సాక్షిగా ఉంటే ఇంకా మేలు, మనిషి తెలివిగా ఉన్నాడని ఆయన మాట కంటే గట్టి రుజువు ఉండదు. ఒకరికి తక్కువ రాస్తే ఎందుకో ఒక వాక్యం రాయండి. "పెద్దవాడి చదువుకు నాలుగెకరాలు అమ్మినాను" అని ఉంటే పెద్దవాడు కోర్టుకు వెళ్లేముందు ఆలోచిస్తాడు.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? హిందూ కుటుంబంలో తండ్రి పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమానంగా పోతుంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, భార్య ఉంటే నాలుగు వాటాలు. జేజి కూడా ఉంటే ఐదు. మన అరుగుల మీద మాత్రం లెక్క ఎప్పుడూ రెండు వాటాలే.

ఆడబిడ్డ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ ఇళ్లు ఇక్కడే చెడతాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ ప్రకారం 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. దేశంలోనే అది ముందడుగు. అయితే ఆ తేదీ మన మనసుల్లో అలాగే నిలిచిపోయింది. "మా అక్క పెళ్లి 82లో అయింది, ఆమెకు లేదు" అని ఇప్పటికీ చెప్తారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టం మారింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుంది, పెళ్లి తేదీతో పని లేదు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతూ లేదు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు. నోటిమాటగా పంచుకున్నాం అనే కథ సాధారణంగా నిలవదు.

"కట్నం ఇచ్చినాం గదా" అనే మాటకు చట్టంలో చోటు లేదు. అక్క నిజంగా వద్దనుకుంటే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసిస్తుంది. చెప్పకుండా తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటే అది ఎప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. ఇంకో సంగతి, పిత్రార్జితంలో నాయన వీలునామా రాయగలిగేది తన వాటాకే. మొత్తం పొలాన్ని చిన్నవాడికి రాసేశానంటే అది మాటవరసకే.

ఆదోనిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కడ లెక్క వేరు. అప్పులూ అంత్యక్రియల ఖర్చూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి వసియత్ రాస్తే మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. సున్నీలలో ఒక వారసుడికే ప్రత్యేకంగా రాయాలన్నా మిగతావారి ఒప్పుకోలు కావాలి. బతికుండగా ఇచ్చే హిబాకు ఈ హద్దు లేదు. ఇచ్చానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరగాలి. నోటితో చేసినా చెల్లుతుంది. అప్పగించిన తర్వాత ఇల్లు ఇక మీది కాదని మాత్రం మరవద్దు.

వీలునామాలో ఎక్కువమంది మరిచిపోయే మనిషి భార్య. పొలం పెద్దోడికి, ఇల్లు చిన్నోడికి, నగలు కూతురికి అని పూర్తిగా రాస్తారు. అమ్మ ఏ గదిలో పడుకోవాలి? ఆమె మాత్రలకు డబ్బు ఎవరిస్తారు? కనీసం ఇల్లయినా ముందు ఆమె పేర రాసి, ఆమె తర్వాతే పిల్లలకని రాయండి. నా ఓటు దానికే. కొడుకులు ముఖం చిట్లిస్తే చిట్లించనీండి.

చేతులు మారిన ఇల్లు

దానపత్రం అసలు రాయకూడదని నేననను. అప్పు తీర్చాలి, ఇంటి మీద లోను కావాలి, ఒక బిడ్డ పూర్తిగా మీతోనే ఉండి చూసుకుంటోంది, ఇలాంటి కారణాలు ఉంటాయి. రాయాల్సి వస్తే ఆ పత్రంలో ఈ మూడు వాక్యాలు లేకుండా సంతకం పెట్టవద్దు. లేఖరికి ఇలాగే చెప్పండి:

"ఈ ఆస్తిలో నేను, నా భార్య మా జీవితకాలమంతా నివసించే, అనుభవించే హక్కు నిలుపుకొన్నాము. మా తిండి, బట్ట, వైద్యం, ఇతర అవసరాలు తీర్చే షరతు మీదనే ఈ దానం చేస్తున్నాను. ఆ షరతు తప్పితే ఈ దానం రద్దు కాదగును."

ఈ మూడు వాక్యాల విలువ తెలియాలంటే సుప్రీంకోర్టు దాకా పోయిన ఇద్దరు తల్లుల కథ వినాలి. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునలు రద్దు చేయవచ్చు. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో తల్లి తన హక్కు వదులుతూ రాసిచ్చిన పత్రంలో ఆ షరతు లేదు, ఉందని చూపించలేకపోయారు. కోర్టు ఆమెకు సాయపడలేదు. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో తీర్పు వేరు. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఆ తల్లి 2019లో కొడుక్కి ఇల్లు రాసిచ్చింది. పోషిస్తానన్న మాట పత్రంలో ఉంది, విడిగా రాసిన వచన పత్రమూ ఉంది. కొడుకు మాట తప్పాడని ఆమె వెళ్లింది. కింది అధికారులు ఆమె పక్షాన చెప్పారు, హైకోర్టు డివిజన్ బెంచ్ ఎదురు చెప్పింది. చివరికి సుప్రీంకోర్టు దానపత్రం రద్దు చేసి, 2025 ఫిబ్రవరి 28 లోపు ఇల్లు ఆమెకు అప్పగించమంది. ఒకరికి కాగితం మీద మాట ఉంది, ఒకరికి లేదు.

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడుబూరు, నందవరం, గోనెగండ్ల వైపు వాళ్లకు ఈ ట్రిబ్యునలు ఆదోని సబ్‌కలెక్టరు కార్యాలయమే. తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని పోవచ్చు. వకీలును పెట్టుకోవలసిన అవసరం లేదు. పోషణ కోసమైతే నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చని చట్టం. ఇవ్వమన్నా ఇవ్వకపోతే నెల దాకా జైలు. తీర్పు నచ్చకపోతే కర్నూలులో కలెక్టరు దగ్గరికి 60 రోజుల్లో అప్పీలు. నడవలేనివాళ్లు 14567కు ఫోను చేయవచ్చు, అది వృద్ధుల సహాయ నంబరు. కొడుకులే కాదు, కూతుళ్లూ, పెద్దయిన మనవలూ, మనవరాళ్లూ ఈ చట్టం కింద బాధ్యులు. సంతానం లేనివాళ్లను వాళ్ల ఆస్తి దక్కించుకోబోయే బంధువు చూసుకోవాలి.

అర్జీ పెట్టడం పరువు తక్కువని అమ్మలు వెనకాడతారు. సబ్‌కలెక్టరు దగ్గరికి పోయిన అమ్మ కోర్టుకెక్కినట్టు కాదు. చాలాసార్లు నోటీసు అందగానే కొడుకు ఇంటికొచ్చి మాట్లాడతాడు.

బతికుండగానే కావాల్సిన కాగితాలు

సుగ్గికి పోయే ఊళ్లు మనవి. మిరప కోతలకు గుంటూరు వైపు జంటలు వెళ్లిపోతే కోసిగి, మంత్రాలయం పల్లెల్లో నెలల తరబడి ముసలివాళ్లూ పిల్లలే మిగులుతారు. బెంగళూరు సాఫ్ట్‌వేరు కొడుకుదీ అదే కథ, ఊరు వేరు అంతే. ఆ నెలల్లో అవ్వ కాలు విరిగితే డబ్బు ఎవరు తీస్తారు?

బ్యాంకు ఖాతాను ఇద్దరి పేర, ఎవరైనా ఒకరు తీసుకునేలా మార్చండి. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 ఇంటికొచ్చి ఇస్తారు, దాన్ని అవ్వ చేతిలోనే ఉండనివ్వండి. డెబ్బై దాటినవాళ్లకు ఆయుష్మాన్ వయో వందన కార్డు తీయించండి, ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చుకు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టవచ్చు. నామినీ అంటే సొంతదారు కాదు, బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని వారసులకు పంచాల్సిన మనిషి. ఇది 1984లోనే ఎల్లైసీ పాలసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా మనం నామినీ పేరు రాసి వీలునామా రాసినంత నిశ్చింతగా ఉంటాం.

జీపీఏ, అంటే మన తరఫున పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం, అంటే చాలామందికి నమ్మకం. నాయన బతికున్నంతకాలం, తెలివిలో ఉన్నంతకాలమే అది పనికొస్తుంది. ప్రాణం పోయిన క్షణం అదీ పోతుంది. పక్షవాతంతో తెలివి తప్పితే కూడా దాని మీద ఆధారపడలేరు. చివరికి వెంటిలేటరు పెట్టాలా వద్దా అన్న మాట కూడా పెద్దవాళ్లే ముందు రాసిపెట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం, అంతే.

పై జాతరకు తేరు రోజున ఈ మాటలు వద్దు. తేరు మర్నాడు, ఇంకా ఎవరూ బస్సెక్కకముందు, అక్కనూ పిలిచి ఆ నోటుబుక్కు అరుగు మీద పెట్టండి. పిల్లలు వెళ్లిపోయాక వచ్చే మొదటి పనిదినాన నాయన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోతే చాలు. వెంట తీసుకుపోవాల్సినవి వీలునామా, ఆధార్ కార్డు, రెండు ఫొటోలు, వాటా లేని ఇద్దరు సాక్షులు. సాక్షులు కూడా తమ ఆధార్ తెచ్చుకోవాలి.